ఇనుమునకు ఆయువెంత?

ఇంగ్లండులోని డాంకాస్టరు కర్మశాలనుండి 1923 ఫిబ్రవరిలో వెలువడి, నలువది సంవత్సరములు ప్రయాణికులను మోసి, 1963 జనవరి 14న కొలువు చాలించి, పిమ్మట చేతులు మాఱి, ఖండాంతరములు తిరిగి, విప్పబడి, మరల బిగింపబడి, 2023లో శతజయంతిని జరుపుకొన్న ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అను ఆవిరి యింజను నేడు యార్కు నగరమందలి జాతీయ రైల్వే మ్యూజియమువారి సొత్తు. ఒక యంత్రముపై జాతి యింత ప్రేమ చూపుట ఉచితమా, దానిని నడిపించుటకై వెచ్చించిన ద్రవ్యము సార్థకమా, అన్నిటికి మించి, ఇన్ని మరమ్మతుల పిమ్మట మిగిలినది ఆ యంత్రమేనా యను ప్రశ్నలు చాలకాలముగా నున్నవి. లీడ్సులో నున్న బిడ్డలను చూడవచ్చిన తెలుగు వియ్యంకు లిరువురు ఆ మ్యూజియములో ఈ విషయముపై వాదించుకొనిరి. ఒకరు గుంటూరులో చరిత్ర బోధించి విరమించిన ఆచార్యులు. రెండవవారు బెజవాడ లోకోషెడ్డులో బాయిలర్ల పనికి చేరి, ఆవిరి యింజనులు అంతరించువఱకు వానినే సాకిన యాంత్రికులు. వారి మాటలను యథాశక్తి ఇట పొందుపఱచుచున్నాను. నా మనస్సు యాంత్రికుల పక్షమున కొంత మొగ్గియున్నదని ముందుగానే చెప్పుట న్యాయము.

ఆచార్యుడు: బావగారూ, ముందుగా ఈ మల్లార్డును చూడుడు. 1938 జులై 3న గంటకు 126 మైళ్ల వేగమున పరుగెత్తిన యింజను ఇది. ఆవిరి యింజనులలో ఆ వేగమును నేటివఱకు మీఱినది లేదు. స్కాట్స్‌మనును రూపొందించిన నైజెల్ గ్రెస్లీయే దీనిని కూడ రూపొందించెను. ఇది నిప్పు లేక, పొగ లేక నిశ్చలముగా నిలిచియుండగా పిల్లలు దాని చక్రముల చెంత నిలిచి తలలెత్తి చూచుచున్నారు. దీని గౌరవమునకు వచ్చిన లోపమేమి? స్కాట్స్‌మనును మాత్రము 2004లో 23 లక్షల పౌన్లకు కొని, 2006 మొదలు పదేండ్లు విప్పియుంచి, మరల 42 లక్షల పౌన్లు ధారవోసి 2016లో పట్టాలెక్కించిరి. చరిత్రకు ఆధారమైన వస్తువును కాపాడుట మ్యూజియము ధర్మము గాని, దానిని అరగదీయుట ధర్మమగునా?

యాంత్రికుడు: చల్లబడిన యింజను నిజము చెప్పదు, బావగారూ. మీరు చూపుచున్న మల్లార్డు సంగతియే తీసికొందము. గ్రెస్లీ పెద్ద యింజనులలో సిలిండర్లు మూడు. బయటి రెండింటికి వాల్వుగేర్లు వేఱువేఱుగా నుండును గాని నడిమిదానికి ప్రత్యేకముగా ఏమియు లేదు. ఇరుప్రక్కల కదలికలను ముందరి అడ్డుమీటలు ఒకచోట కలుపగా, ఆ కలయికనుండియే నడిమి వాల్వు తన కదలికను పుచ్చుకొనును. మీటల సీలలు బిగువుగా నున్నంత కాలము ఈ యేర్పాటు అద్భుతము. సీలలు అరిగిన కొలది నడిమి వాల్వు హద్దు మీఱి కదలును, నడిమి సిలిండరు తన వంతునకు మించిన పని నెత్తిన వేసికొనును. వేగము హెచ్చినపుడు ఆ భారమంతయు నడిమి బిగ్‌ఎండు బేరింగుపై బడును. ఆ రికార్డు నాడు మల్లార్డునకు జరిగిన దదియే. బేరింగు వేడెక్కి చెడగా పీటర్‌బరోలో దానిని బండినుండి విడదీసి, అచటనుండి డాంకాస్టరునకు మరమ్మతునకు బంపిరి. ఇప్పు డీ మందిరమున దాని యెదుట ఎంతసేపు నిలిచినను మీకా దోషము కనబడునా? నడచునపుడు చక్ర మొక చుట్టు తిరుగులోపల పొగగొట్టము ఆఱుమాఱులు ఊపిరి విడుచును. ఆ ఆఱింటి లయ సరిగా నున్నదో, కుంటుచున్నదో వినగలవాడు మీటలను విప్పకమునుపే రోగ మెచట నున్నదో చెప్పును. 1980లలో దీనికి మరల నిప్పు పెట్టి కొన్నాళ్లు నడిపించిన సంగతి మీ రెఱిగియుండవచ్చును. ఆ నాళ్లలో దానినుండి నేర్చుకొన్నవారికి తెలిసిన విషయములు ఈ ఫలకమున వ్రాయదగినవి కావు.

ఆచార్యుడు: మీరు ధ్వనిని గూర్చి చెప్పితిరి, నేను ద్రవ్యమును గూర్చి అడుగుచున్నాను. 1923లో పుట్టిన యింజనులో నేడు మిగిలియున్న దెంత? ఏ1 తరగతి యింజనుగా పుట్టినపుడు దాని బాయిలరులో ఆవిరిపీడనము చదరపుటంగుళమునకు 180 పౌన్లు. 1947లో ఏ3గా మార్చినపుడు 220 పౌన్ల బాయిలరు వచ్చెను. పిమ్మట రెండు గొట్టముల చిమ్నీ వచ్చెను. 1961లో పొగను ప్రక్కకు త్రోయుటకు జర్మనీ పద్ధతి రేకులు వచ్చెను. సంఖ్యలు చెప్పుదునా? 1472, 4472, 502, 103, 60103. నడుమ కొన్నియేండ్లు ఏ4 తరగతి బాయిలరును మోసి, ఆ పదేండ్ల మరమ్మతులో మరల ఏ3 బాయిలరునకు మఱలినది. రైల్వేవారి కర్మశాలలలో ఒకదాని బాయిలరు మఱొకదానికి పెట్టుట నిత్యకృత్యమని మీరే పలుమాఱులు చెప్పియున్నారు. అట్లయిన జనులు జేజేలు కొట్టుచున్నది దేనికి? 1923 నాటి యింజనునకా, 1963 నాటి యింజనునకా, లేక 2016లో తయారైన ఒకానొక నూతన వస్తువునకా? రంగు విషయములోనైనను ఏకాభిప్రాయము లేకపోయెను. ఆకుపచ్చ యాపిలు వన్నెయే కావలెనని కొందఱు, బ్రిటిషు రైల్వేల ముదురాకుపచ్చయే న్యాయమని కొందఱు వాదించుకొనిరి. రూపము నిశ్చయింపలేని వస్తువునకు ఉద్ధరణ యెట్లు?

యాంత్రికుడు: పూరీలో నవకళేబరము జరుగునపుడు దారువిగ్రహములు నాలుగును క్రొత్తవి వచ్చును గదా. పాతవానిని కొయిలి వైకుంఠమున సమాధి చేయుదురు. పిమ్మట దర్శనమునకు వచ్చిన భక్తుడు ఈయన వేఱు జగన్నాథుడని అనడు. ఏలన, పాత విగ్రహమునుండి క్రొత్త విగ్రహమునకు బ్రహ్మపదార్థము మాఱినదని అతడు నమ్మును.

ఆచార్యుడు: మంచిది. ఇనుపయింజనులో బ్రహ్మపదార్థ మేది? అది చెప్పుడు.

యాంత్రికుడు: చేతి విద్య. అంతకు మించి నేనేమియు దాచలేదు. ఫైరుబాక్సు లోపలి రాగిరేకునకు, వెలుపలి ఉక్కురేకునకు నడుమ నీరుండును. ఆ రెండు రేకులు పీడనమునకు విడిపోకుండ వందలకొలది స్టేలు, అనగా మరబిగించిన కడ్డీలు, వానిని పట్టియుంచును. స్టే విఱిగిన కంటికి తెలియదు. చిన్నసుత్తితో తట్టవలెను. మంచి స్టే గణగణమని పలుకును, విఱిగినది మూగవోవును. ఒక స్టే మూగవోయినచో దాని భారము చుట్టుపట్ల నున్నవానిపై బడి అవియు నొకటొకటిగా తెగును. పదునెనిమిదేండ్ల కుఱ్ఱవానిని ఫైరుబాక్సులోనికి దూర్చి, బయటనుండి మేస్త్రి 'ఏమి వినబడెను?' అని అడిగి, తప్పు చెప్పినపుడు మరల తట్టించి, ఆ చెవిని తయారుచేయుట యను పని పుస్తకముతో సాగదు. స్కాట్స్‌మన్ పదేండ్లు విప్పబడియుండెనని మీరు నిందించితిరి. ఆ పదేండ్లలో చట్రమున పగుళ్లు బయటపడెను, అరిగిన కొలతలు బయటపడెను, పూర్వపు మరమ్మతులలో తొందరపడి చేసిన పనులు బయటపడెను. చివరకు బరీలోని రైలీ అండ్ సన్ వారు దానిని పూర్తిచేసిరి. లోహము మాఱినను, లోహమును చదువగల చేయి ఒక తరమునుండి మఱొక తరమునకు తెగక వచ్చుచున్నంతవఱకు అది ఆ యింజనే యని నా నిశ్చయము.

ఈ మాట దగ్గఱ ఆచార్యులు చాలసేపు మిన్నకుండిరి. పిమ్మట వారు తెచ్చిన ఆక్షేపణ ఈ సంవాదమంతటిలోను బలవత్తరమైనదని నాకు తోచినది. యాంత్రికులు తడుముకొన్నది ఈ యొక్కచోటనే.

ఆచార్యుడు: చేతి విద్యయే ప్రాణమైనచో పాతదానిని కష్టపెట్టుట యెందులకు? క్రొత్తదానిని చేయుడు. 1829 నాటి స్టీఫెన్‌సనుల రాకెట్టును మరల ఎవరును నడుపలేదు. అసలును భద్రముగా నుంచి, 1979లో పని చేయు ప్రతిరూపమును నిర్మించి దానిని నడిపిరి. చరిత్రకు అసలు దక్కెను, జనులకు ఆవిరి దక్కెను. అంతకంటె గొప్ప సంగతి టోర్నడో. దాని తరగతి యింజనులు ఒక్కటియు మిగులకపోగా, జనుల చందాలతో, పాత నక్షాలను చూచి, డార్లింగ్టనులో 2008 నాటికి సరిక్రొత్త యింజను నొకదానిని నిలబెట్టిరి. మీ కుఱ్ఱవాడు దానిలో నేర్చుకొనరాదా? స్కాట్స్‌మన్ తన తరగతిలో మిగిలిన ఏకైక యింజను. ఏకైకమైనదానిపై విద్యాభ్యాసము చేయుట న్యాయమా?

యాంత్రికుడు: టోర్నడోను నిర్మించినవారికి చేతులెత్తి నమస్కరించుచున్నాను. అది ఈ కాలమున జరిగిన మహాకార్యములలో నొకటి. కాని దాని బాయిలరు ఎచట తయారయినదో చూచితిరా? జర్మనీలోని మైనింగెన్ కర్మశాలలో. ప్రపంచమునకు రైలును నేర్పిన దేశము తన బాయిలరునకై పరదేశమునకు పోవలసివచ్చెను. విద్య తెగిన పిమ్మట అతుకుట ఎంత కష్టమో అది చాటుచున్నది. ఇంకొకటి గూడ చెప్పవలెను. క్రొత్తది చేయువాడు నక్షాను చదువును. పాతది బాగుచేయువాడు అరుగుదలను చదువును. లక్షల మైళ్లు తిరిగిన యింజనులో ఏ సీల ఏ ప్రక్కకు అరిగినది, ఏ రేకు ఎచట పలుచబడినది, ఏ డ్రైవరుల అలవాటు ఏ బ్రేకుదిమ్మెపై ముద్రవేసినది – ఇవి నక్షాలో నుండవు. రెండు విద్యలును కావలెను. అయినను... ఏకైకమైనదానిపై విద్యాభ్యాస మన్నమాట నన్ను బాధించుచున్నది. దానికి నాకడ పూర్తి సమాధానము లేదు. పని నేర్చినవాని ప్రక్కన నిలిపి నేర్పుడు, ఒంటరిగా విడువకుడు అని మాత్రము చెప్పగలను.

ఆచార్యుడు: పోనిండు. ధనము మాటకు వత్తము. ఈ యింజను దానిని ప్రేమించినవారిని దహించినది. 1963లో ఆలన్ పెగ్లర్ దానిని 3,000 పౌన్లకు కొని తుక్కు కాకుండ రక్షించెను, అది పుణ్యకార్యమే. కాని 1969లో దానికి గంటయు, పశువులను త్రోయు ముందుజల్లెడయు తగిలించి అమెరికాకు గొంపోయెను. ప్రభుత్వము మాఱి సహాయము నిలిచిపోగా, అప్పులలో మునిగి 1972లో దివాలా తీసెను. యింజను కాలిఫోర్నియాలో సైనిక గిడ్డంగులలో చిక్కుకొనెను. విలియం మెకాల్పైన్ కొని పనామా కాలువ మీదుగా 1973లో దానిని స్వదేశమునకు చేర్చెను. తరువాతి యజమానియు అప్పుల పాలయ్యెను. చివరకు దేశమే కొని, దేశమే ధారవోసెను. మ్యూజియమువారు విచారణ జరిపించుకొని, తమ తొలి అంచనాలు వాస్తవమునకు దూరములని తేల్చిన నివేదికను తామే వెల్లడించిరి. ప్రజాధనమునకు ఇంతకంటె సద్వినియోగము లేదా?

యాంత్రికుడు: అంచనా తప్పినది, తప్పినదని ఒప్పుకొని నివేదిక బయటపెట్టిరి. మన దేశమున ఎన్ని శాఖలవారు అట్లు బయటపెట్టిరి? ప్రేమించినవారు చెడిపోయిరన్నమాట నిజమే. పెగ్లర్ తన సర్వస్వమును పోగొట్టుకొనెను. కాని ఆయన కొననినాడు ఈనాడు మనము వాదించుటకు వస్తువే యుండదు. తక్కిన ఏ3లు ఏమైనవి? గ్యాసుకత్తెరల పాలయినవి. 2004లో వేలకొలది సామాన్యులు చిన్నచిన్న మొత్తములు పంపిరి. వారిని భ్రాంతులనుటకు నాకు నోరు రాదు.

ఆచార్యుడు: నేనును వారిని భ్రాంతులనను. వారు పొగడుచున్న దేమో వారికి చెప్పవలసినవారు చెప్పలేదందును. ఈ యింజనునకు ప్రఖ్యాతి యెచట మొదలయ్యెను? 1924లో వెంబ్లీలో జరిగిన బ్రిటిషు సామ్రాజ్య ప్రదర్శనలో. ఆ ప్రదర్శనకే దానికి ఈ పేరు పెట్టి, మెఱుగుపెట్టి నిలిపిరి. సామ్రాజ్య వైభవమును చాటుటకు నిలిపిన వస్తువులలో ఇది యొకటి. మన ఫెయిరీ క్వీనును చూడుడు. మన బిడ్డలున్న లీడ్సులోనే 1855లో కిట్సన్ కర్మశాలలో పుట్టి, వంగదేశమున హౌరా–రాణిగంజుల నడుమ నడచి, 1857లో తిరుగుబాటు నణచుటకు పోవు సేనలను మోసినది. 1909లో విశ్రమించి, 88 ఏండ్లకు 1997లో మన ప్రభుత్వమే దానిని మరల నడిపించి పర్యాటకులను త్రిప్పినది. ప్రపంచములో నడచుచున్న అతి ప్రాచీన ఆవిరి యింజనని 1998లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఎక్కిన పర్యాటకులలో ఎందఱికి ఆ సేనల సంగతి తెలియును? నడచు యింజను ముచ్చట గొలుపును, బావగారూ. ముచ్చట గొలిపిన వస్తువు ప్రశ్నింపబడదు. నిలిచిన యింజను ప్రక్కన ఫలక మొకటి యుండును. మనుష్యుడు నిలిచి చదువును.

యాంత్రికుడు: ఈ మాటకు నేను తలయొగ్గుచున్నాను. వెంబ్లీ సంగతి వ్రాయవలెను, 1857 సంగతి వ్రాయవలెను. యింజను ప్రక్కననే, టిక్కెట్టుపైననే వ్రాయవలెను. కాని సామ్రాజ్యము నిలిపిన యంత్రమని దానిలో పనిచేసినవారినిగూడ సామ్రాజ్యమునకే వదలుదుమా? 1928 మే 1న లండన్ నుండి ఎడింబరో వఱకు 392 మైళ్లు ఎచటను నిలుపక ఈ యింజను పోయినది. ఎట్లు పోయినది? టెండరు ప్రక్కన ఐదడుగుల ఎత్తు, పదునెనిమిదంగుళముల వెడల్పు గల దారి నొకటి యేర్పఱచి, దానిగుండ ఒంగి రెండవ జత పనివారు నడుదారిలో యింజనులోనికి వచ్చి, మొదటి జత వెనుకకు పోయి విశ్రమించిరి. 1934 నవంబరు 30న గంటకు నూఱుమైళ్లు అధికారికముగా నమోదయినపుడు రెగ్యులేటరుపై చేయి స్పార్షాట్ అను డ్రైవరుది. నలువదియొక్క చదరపుటడుగుల నిప్పుగద్దెపై బొగ్గును సమముగా పఱచి మంటను తెల్లగా నుంచుట ఫైర్‌మనుది. నల్లని పొగ దండిగా వచ్చిన ఫోటోలు తీయువారికి సంతోషము గాని, మాకది సిగ్గు. బొగ్గు కాలక వ్యర్థమయినదని దాని కర్థము. నేను చూచిన మంచి ఫైర్‌మన్లు పార నెత్తకముందు మంట రంగును చూచెడివారు. ఆ నేర్పునకు సామ్రాజ్య మేమి, స్వరాజ్య మేమి?

ఆచార్యుడు: బొగ్గు మాట మీరే తెచ్చితిరి. 2015 డిసెంబరులో యార్క్‌షైరునందలి కెల్లింగ్లీ గని మూతపడెను; ఈ దేశమున లోతుగనులలో అదే కడపటిది. రెండు నెలలకే, 2016 ఫిబ్రవరి 25న, ఈ యింజను కింగ్స్‌క్రాసు నుండి యార్కునకు ఉత్సవముగా బయలుదేరెను. చూడవచ్చిన జనులు పట్టాలపైకి చొరబడగా దారిలో దానిని నిలుపవలసివచ్చెను. గనిపనివాండ్రు ఇండ్లకు పోవుచుండగా బొగ్గుయింజనునకు బ్రహ్మోత్సవము! గాలి చెడుచున్న ఈ దినములలో ఇంకను దేశదేశములనుండి బొగ్గు దెచ్చి కాల్చుటను వేడుక యనగలమా?

యాంత్రికుడు: ఏడాదిలో కొన్ని దినములు నడచు ఒక్క యింజను పొగ గాలిని చెఱచినదనుట కొలతకు నిలువదు. బొగ్గు దొరకనినాడు నూనె పోయవచ్చును. నీలగిరి కొండరైలునకు తిరుచిరాపల్లి గోల్డెన్‌రాక్ కర్మశాలలో మనవారు నూనెతో మండు క్రొత్త యింజనులనే చేసిరి గదా. గనిపనివాండ్ర సంగతి వేఱు. అది నన్నును కలచినది. వారికి ఉత్సవము చేయలేదని మీరు వ్యథ పడుచున్నారు, సరియే. దానికి మందు ఈ ఉత్సవమును మానుట కాదు, అందు వారికి చోటిచ్చుట. బెజవాడలో మా డబ్ల్యూపీ యింజనులను ఏలముపాట వేసి కోసిననాడు ఏ ఉత్సవమును జరుగలేదు. వాని ఫైరుబాక్సులలో దూరి స్టేలు తట్టిన మావాండ్రు గోడవారగా నిలిచి చూచిరి. ఒక్కదానినైనను నిప్పుతో నిలుపుకొనియుండిన, ఈనాడు వారి మనుమలలో నొకడు సుత్తి పట్టెడివాడు.

ఆచార్యుడు: అట్లయిన నాకు రెండు వాగ్దానము లిండు. ఈ యింజనునుండి తీసిన ప్రతి రేకును, ప్రతి సీలను పాఱవేయక, తీసిన తేదీ చెక్కి మ్యూజియములో దాచవలెను. రెండవది, 1923 నాటి ప్రధానచట్రమే మార్చవలసివచ్చిన దినమున ఆపవలెను. ఆపైన నడచినది స్కాట్స్‌మన్ కాదు.

యాంత్రికుడు: మొదటిదానికి ఒప్పుకొంటిని; అది నేను ముందే అడుగవలసినది. రెండవదానికి ఒప్పుకొనను. చట్రము ఇక మోయునా మోయదా యనునది దానిక్రింద పండుకొని, పగులును వ్రేలితో తడిమి చూచినవాడు చెప్పవలెను. ఇన్నియేండ్లని ముందే గీత గీయువారు చెప్పరాదు.

ఆచార్యుడు: వాడు తడిమినది నేను వ్రాసికొనుటకైనను ప్రక్కన నిలువనిండు.

యాంత్రికుడు: నిలువుడు. కాని తేదీతోబాటు, భాగము సంఖ్యతోబాటు, పనిచేసినవాని పేరును వ్రాయుడు. గ్రెస్లీ పేరును, యజమానుల పేర్లును మీ పుస్తకములలో ఇదివఱకే కలవు.